‘ఇదేమి?’ అని అడుగు నోరు

పాఠ్యభాగములు: మార్కు 10:13–16, నిర్గమకాండము 16:11–36, సంఖ్యాకాండము 11:4–9, కీర్తన 131



ఈ పాఠము చదువుటకు ముందు పై నాలుగు భాగములను ఇంటిల్లిపాది కూర్చుండి చదువుకొనవలెనని మనవి. పిల్లలున్న ఇంట పిల్లలచేతనే చదివించండి. తెలుగు అక్షరములు రానివారు కన్నడములోనో, తమిళములోనో, ఒడియాలోనో, మరాఠీలోనో చదివినను ఫరవాలేదు. ఆ సంగతి ఇంకొంచెము ముందుకు పోయిన తరువాత మాటలాడుకొందము.

చిన్నబిడ్డవలె అనగా ఏమి?

మార్కు సువార్తలోని ఈ భాగమును మన సంఘములలో ఎక్కువగా శిశు ప్రతిష్ఠ దినముననే చదువుదురు. అందుచేత ఇది బిడ్డల కొరకైన వాక్యమని అనుకొనుట మనకు అలవాటైనది. కాని ప్రభువు ఆ మాటలు పలికినది బిడ్డలతో కాదు, గడ్డములు పెరిగిన శిష్యులతో. బిడ్డలను తీసికొని వచ్చినవారిని శిష్యులు గద్దించిరి. అది చూచి ప్రభువు కోపపడెను. మత్తయియు లూకాయు ఈ సంగతిని వ్రాసిరి గాని ఆయన కోపపడెనని వ్రాసినవాడు మార్కు ఒక్కడే. ఆయన బిడ్డలను ఎత్తి కౌగిలించుకొనెనని ఇక్కడ వ్రాసినవాడును మార్కే. ఒకే గడియలో కోపము, కౌగిలింత.

చిన్నబిడ్డవలె ఉండవలెనని చెప్పినప్పుడు చాలామంది బోధకులు పసివారి నిర్మలత్వమును గూర్చి చెప్పుదురు. బిడ్డలను పెంచినవారెవరును ఆ మాటను అంత సులువుగా ఒప్పుకొనరు. తమ్ముని చేతిలోని మామిడిపండు ముక్క తన ముక్కకంటె పెద్దదని నేలమీద పడి దొర్లు బిడ్డను మనము ఎరుగుదుము. బిడ్డలకు అసూయ ఉన్నది, మంకుపట్టు ఉన్నది, అబద్ధమును త్వరగానే వచ్చును. ప్రభువు అది ఎరుగనివాడు కాడు. సంతవీధులలో కూర్చుండి పెండ్లి ఆట, చావు ఆట ఆడుకొనుచు, ఒకరితో ఒకరు పొసగక తగవులాడు పిల్లలను ఆయన చూచి, దానినే ఉపమానముగా చెప్పినవాడు (మత్తయి 11:16, 17).

మార్కు 10:15లో ముఖ్యమైన మాట బిడ్డయొక్క మంచితనము కాదు; అంగీకరించుట. బిడ్డ పుచ్చుకొనును. పుచ్చుకొనుటకు సిగ్గుపడదు, తిరిగి ఎట్లు తీర్చవలెనని లెక్క వేయదు. వెంటనే తరువాతి వచనములలో ఆస్తిగల ఒక మనుష్యుడు పరుగెత్తుకొని వచ్చి, తాను ఏమి చేయవలెనని అడుగును. అతని చేతులు నిండియున్నవి. అతడు దుఃఖపడుచు వెళ్లిపోయెను. మార్కు ఈ రెండు సంగతులను ప్రక్కప్రక్కన పెట్టుట ఊరకనే జరిగినది కాదని నా అభిప్రాయము.

లూకా చేసినది ఇంకను ఆశ్చర్యము. ఆయన ఈ సంగతిని పరిసయ్యుడు, సుంకరి ప్రార్థించిన ఉపమానము తరువాత పెట్టెను (18:9–17). ఆ పరిసయ్యుని ప్రార్థన దేనితో మొదలగునో చూడండి. కృతజ్ఞతతోనే! అతడును దేవునికి కృతజ్ఞతలు చెల్లించెను. అయితే తాను ఇతరులవంటివాడు కాడని, ముఖ్యముగా వెనుక నిలిచియున్న ఆ సుంకరివంటివాడు కాడని చెల్లించెను. కృతజ్ఞత అను పేరుతో మనమును ఇట్టి ప్రార్థనలు చేయుచుందుము. ప్రక్కింటివారి బిడ్డ పరీక్ష తప్పినప్పుడు మన బిడ్డ విషయమై చెప్పు స్తోత్రములో ఎంత స్తోత్రమున్నదో, ఎంత పోలిక ఉన్నదో మన హృదయమునకు తెలియును. ఆ ఉపమానము అయిన వెంటనే లూకా శిశువులను లోనికి తెచ్చుచున్నాడు. మార్కు ‘చిన్నబిడ్డలు’ అనినచోట లూకా ‘శిశువులు’ అనెను. మూలభాషలో అది చంకలో ఎత్తుకొను పసికందులకు చెప్పు మాట. వారికి ప్రార్థన చేయుటయే రాదు. ఎవరిని తక్కువగా చూడవలెనో కూడ ఇంకను రాదు.

ప్రశ్నను భుజించిన ప్రజలు

ఇప్పుడు మన్నా యొద్దకు వత్తము. ఐగుప్తు విడిచిన రెండవ నెల పదునైదవ దినమున ఇశ్రాయేలీయులు సీను అరణ్యమునకు వచ్చి ఆకలిగొని సణిగిరి. దేవుడు ఆహారమిచ్చెదనని చెప్పెను. ఉదయమున మంచు ఆరిన తరువాత నేలమీద తెల్లని సన్నని పొడివంటిది పరచుకొని యుండెను. దానిని చూచి వారు ఒకరినొకరు అడిగిన మాట ‘ఇదేమి?’ హెబ్రీ భాషలో ఆ ప్రశ్న ‘మన్ హూ’. ఆ ప్రశ్నయే దాని పేరైనది. అది చూపునకు కొత్తిమెర గింజవలె, రుచికి తేనె కలిపిన అప్పమువలె ఉండెనట. అనగా ఆ జనులు నలువది సంవత్సరములు భుజించినది ఒక ప్రశ్న. ప్రతి ఉదయమును ఒక తల్లి ‘ఇదేమి’ని ఏరి తెచ్చి, విసిరి, వండి వడ్డించినది.

బిడ్డలు మాట నేర్చిన తరువాత మొదట మనలను విసిగించునది ఈ మాటతోనే గదా. ఇదేంటి? అదేంటి? చీమ గోడ ఎక్కునది ఏమి, కుక్కరు కూత వేయునది ఏమి, దోసె మీద చిల్లులు పడునది ఏమి. మనకు చిల్లులు కనబడుట మానివేసి ఎంతకాలమైనదో!

ఇశ్రాయేలీయులకు ఎంతకాలము పట్టినదో వాక్యములోనే లెక్క దొరకును. మన్నా మొదటి సంవత్సరము రెండవ నెలలో మొదలైనది. వారు సీనాయి అరణ్యమునుండి బయలుదేరినది రెండవ సంవత్సరము రెండవ నెల ఇరువదవ దినమున (సంఖ్యాకాండము 10:11). మూడు దినముల ప్రయాణము. ఆ వెంటనే 11వ అధ్యాయములో ఏడుపు. ఒక సంవత్సరమును కొన్ని దినములును, అంతే. ‘ఇదేమి?’ అని అడిగిన నోరే ‘ఇది తప్ప మరేమియు లేదా?’ అని అడిగినది. చేపలు, కీరకాయలు, దోసకాయలు, ఆకుకూరలు, ఉల్లి, వెల్లుల్లి — ఆరు వస్తువుల జాబితా చెప్పిరి. చేపలను ఊరకనే తినితిమని కూడ అనిరి! ఊరకనే! ఇటుకల సంగతి, నైలు నదిలో పారవేయబడిన మగబిడ్డల సంగతి వారి నోట రాలేదు.

ప్రియులారా, ఇది మనవంటివారు మరి జాగ్రత్తగా చదువవలసిన అధ్యాయము. మన పితరులలో కొందరు నెల్లూరు, కడప, చిత్తూరు సీమలనుండి కోలారు గనులకును మద్రాసునకును పోయిరి. కొందరు పాలమూరు, నల్లగొండ, కరీంనగరములనుండి షోలాపూరునకు, భివండికి, బొంబాయికి పోయిరి. కొందరు శ్రీకాకుళమునుండి బరంపురమునకు, రాయగడకు, రైలు కొలువులలో ఖుర్దా రోడ్డునకు పోయిరి. యానాము వారైతే ఎక్కడికిని పోలేదు. నలువైపుల తెలుగు నేలయే, దొరతనము మాత్రము దూరమున ఉన్నది. వెళ్లినవారికి మూడు తరములు గడిచినను భోజనముయొద్ద మన మాటలు ఏమి? ‘ఇక్కడి నీళ్లకు పప్పు ఉడకదు.’ ‘ఈ గోంగూరకు పులుపే లేదు.’ ‘మా ఊళ్లో అయితేనా...’ గోంగూర మాట నాకును నిజమే అనిపించును, అది వేరే సంగతి.

స్వగ్రామమును తలంచుకొనుట పాపమని చెప్పుట లేదు. బబులోను నదులయొద్ద కూర్చుండి ఏడ్చినవారిని 137వ కీర్తన తప్పు పట్టలేదు. వారు దేవుని పట్టణము కొరకు ఏడ్చిరి. సంఖ్యాకాండములోని వారు దాసత్వములోని ఉల్లిపాయల కొరకు ఏడ్చిరి. మన ఏడుపు ఏ అధ్యాయములోనిదో ఎవరికి వారు చూచుకొనవలెను.

బిడ్డలు మాత్రము వినుచున్నారు. వారికి ఆ ఊరు తెలియదు. వేసవి సెలవులలో నాలుగు దినములు చూచియుందురు. వారికి తెలిసిన అన్నము ఇదే, తెలిసిన వీధి ఇదే. దేవుడు తమను పోషించుచున్న స్థలము అసలు స్థలమే కాదని, మంచిదంతయు మరియొక చోట విడిచిపెట్టబడినదని మనము ప్రతిరాత్రి వారికి నేర్పుచున్నామా?

సంఖ్యాకాండము 14:3లో ఆ పెద్దలు తమ పిల్లలు కొల్లపోవుదురని భయపడి ఐగుప్తునకు మరలిపోదమనిరి. అదే అధ్యాయము 31వ వచనములో దేవుడు, మీరు కొల్లపోవుదురని చెప్పిన ఆ పిల్లలనే లోపలికి తెత్తునని సెలవిచ్చెను. ద్వితీయోపదేశకాండము 1:39లో మోషే ఆ మాటను మరల జ్ఞాపకము చేసెను. ఆ పిల్లలు మన్నాను ఇష్టముగా తినిరని వాక్యము ఎక్కడను చెప్పలేదు, కాబట్టి మనమును చెప్పకూడదు. అయితే వారిలో చిన్నవారు, అరణ్యములో పుట్టినవారు కీరకాయ రుచి ఎరుగరు. వారికి ఆహారమనగా తెల్లవారి లేచి చూచునప్పటికి నేలమీద ఉండునది. రేపటికి దాచరానిది. రేపును ఉండునది. విశ్వాసము అను మాట ఎరుగకముందే వారు దానిని తినుచు పెరిగిరి.

‘నాన్నా, చూడు!’

బిడ్డ సంతోషమును దగ్గరనుండి చూచినవారికి ఒక సంగతి తెలియును. బిడ్డ ఒంటరిగా ఆశ్చర్యపడి ఊరకుండడు. తొలకరి వానకు ఎర్రని ఆరుద్ర పురుగు కనబడినయెడల అగ్గిపెట్టెలో పెట్టుకొని పరుగెత్తును. ఎవరికైనను చూపవలెను. తల్లి పొయ్యిమీద చెయ్యి పెట్టియున్నను, తండ్రి సెల్లులో మాటలాడుచున్నను గడ్డము పట్టుకొని ముఖము త్రిప్పును. ‘చూడు!’ చూచువరకు ఆ సంతోషము సగమే.

కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడెను. అది మొదలు అక్కడి మనవారు వేలాదిగా తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరునకు పనికి పోయి, చీకటిపడిన తరువాత ఇల్లు చేరుచున్నారు. అట్టి ఇండ్లలో తండ్రి గుమ్మము తొక్కగానే బిడ్డ మొదట పట్టుకొనునది టిఫిను డబ్బాను. లోపల ఏదైనను మిగిలియుండవచ్చునని. ఒక్కొక్క దినము అర ఇడ్లీ, ఒక్కొక్క దినము కాగితములో చుట్టిన బిస్కెట్టు. తండ్రి కావలెనని మిగిల్చి తెచ్చినదని బిడ్డకు తెలియదు. అది చల్లారినదని ఫిర్యాదు లేదు. తల్లియొద్దకు పోయి, అమ్మమ్మయొద్దకు పోయి చూపి, ఆ తరువాతనే తినును. ఆ తండ్రి ముఖము చూచినవారికి నేను కృతజ్ఞతను గూర్చి వేరుగా బోధింపనక్కరలేదు.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురము దగ్గర తీరము దాటినది. బరంపురము పట్టణమంతయు చీకటిలో ఉండెను. దినములు గడిచెను గాని కరెంటు లేదు. అప్పుడు అక్కడ ఉన్న ఏ ఇంటివారినైనను అడగండి. బల్బు వెలిగిన గడియలో వీధి వీధంతా కేక వేసినది ఎవరు? పిల్లలే. పెద్దలు మోటారు వేయుటకు పరుగెత్తిరి. అదియు అవసరమే, కాదనను. కాని పైకి చూచి కేక వేయుట మాత్రము పిల్లల వంతాయెను.

లూకా 17వ అధ్యాయములోని పదిమంది కుష్ఠరోగులను ఇక్కడ తలంచుకొనవలెను. పదిమందియు శుద్ధులైరి. పదిమందియు సంతోషించియుందురు, తొమ్మిదిమంది సంతోషింపలేదని ఎవరు చెప్పగలరు? ఒకడు మాత్రము వెనుకకు తిరిగెను. గొప్ప శబ్దముతో దేవుని మహిమపరచుచు వచ్చి ప్రభువు పాదములయొద్ద పడెను. సంతోషము వేరు, కృతజ్ఞత వేరు. సంతోషము వస్తువును చూచును. కృతజ్ఞత ఇచ్చినవాని ముఖము కొరకు వెనుకకు తిరుగును. అతడు సమరయుడనియు, ప్రభువే అతనిని అన్యుడనెననియు మరచిపోవద్దు. పరాయి నేలలో బ్రదుకువారికి ఈ వచనములో ఒక ప్రత్యేకమైన ఆదరణ ఉన్నది.

హెబ్రీ భాషలో కృతజ్ఞతకు ‘తోదా’ అందురు. ఒప్పుకొనుట అను మాటయు అదే ధాతువునుండి వచ్చినది. ఇది నా సంపాదన కాదు, నీ చేతినుండి వచ్చినదని ఒప్పుకొనుట. మన తెలుగులోనైతే, చూడండి, ఇంటిలో కృతజ్ఞత చెప్పు మాటయే లేదు. బిడ్డ అన్నము తిని తల్లికి ‘కృతజ్ఞతలు’ అనినయెడల ఆ తల్లి నవ్వును, లేదా జ్వరము వచ్చినదేమోనని నుదురు పట్టి చూచును. గుడిలో మనము ‘వందనములు’ అందుము. కలిసికొనునప్పుడును అదే మాట, దేవునికిని అదే మాట. ఇప్పుడు చుట్టములు చాక్లెట్టు ఇయ్యగానే ‘థాంక్యూ చెప్పు’ అని బిడ్డ వీపు తట్టుట నేర్చుకొంటిమి. నేర్పండి, మర్యాద మంచిదే. అయితే ఆ మాట రాకముందు బిడ్డ చేసినది — వస్తువు వదలి, ఇచ్చినవారి ముఖము చూచి నవ్వుట — అది పోకుండ చూచుకొనండి. మాట వచ్చి చూపు పోయిన ప్రార్థనలు మన పెద్దలయొద్ద ఇప్పటికే చాలినన్ని ఉన్నవి.

ఒక హెచ్చరిక

ఈ పాఠమును తప్పుగా వాడుకొనవచ్చును, అందుచేత ఈ మాట చెప్పవలసియున్నది. ‘పేదవాళ్ల పిల్లలు చిన్నదానికే సంతోషిస్తారు’ అని అనువారు ఉన్నారు. అది నిజమే కావచ్చును. కాని ఆ మాటను ఎవరు, ఎందుకు అనుచున్నారో చూడవలెను. బీడీలు చుట్టుచు బిడ్డలను పెంచు తల్లులు షోలాపూరులోని మన తెలుగు ఇండ్లలో ఎందరో ఉన్నారు. ఆ ఇంటి బిడ్డ ఒక రంగుకాగితమునకు సంతోషించుచున్నది గనుక దానికి బడి ఫీజు అవసరము లేదనగలమా? ఆకలిగొనినవానికి ఆహారమియ్యక సమాధానముగా వెళ్లుమని చెప్పుట ఎట్టిదో యాకోబు స్పష్టముగా వ్రాసెను (2:15, 16). బిడ్డల తృప్తి మనము నేర్చుకొనుటకు ఇయ్యబడినది. వారికి ఇయ్యవలసినది తగ్గించుటకు కాదు. పౌలు కూడ దుష్టత్వము విషయములో శిశువులుగా ఉండుమని, బుద్ధి విషయములో పెద్దవారుగా ఉండుమని చెప్పెను (1 కొరింథీయులకు 14:20).

పాలు మానిన బిడ్డ

ఇచ్చినప్పుడు సంతోషించుట ఒక మెట్టు. ఇయ్యనప్పుడో? 131వ కీర్తన మూడే వచనములు. యెరూషలేమునకు నడిచిపోవు యాత్రికుల కీర్తనలలో ఇది ఒకటి. దావీదు పేరుతో ఉన్నది. అందులో కీర్తనకారుడు తన ప్రాణమును పాలు విడిచిన బిడ్డతో పోల్చెను. పాలు త్రాగు బిడ్డతో కాదు, గమనించండి.

పాలు మాన్పించుట ఎట్టిదో మన అమ్మలు ఎరుగుదురు. రొమ్మునకు వేపాకు నూరి రాతురు. బిడ్డ ఆశగా వచ్చి నోరు పెట్టి, చేదు తగిలి, తల్లి ముఖము చూచును. ఆ చూపులో ఉన్న ప్రశ్నకు తల్లియొద్ద జవాబు లేదు. రెండు మూడు రాత్రులు ఇల్లంతా నిద్ర ఉండదు. తన లోకములో ఉన్న ఒకే మేలు ఎందుకు చేదైనదో బిడ్డకు ఎవరు చెప్పగలరు? తరువాత ఒక దినమున ఆ బిడ్డయే వచ్చి అదే ఒడిలో కూర్చుండును. పాలు అడుగదు. కొంగు చివర వ్రేలికి చుట్టుకొని ఊరకనే ఆనుకొనియుండును. ఇంతకుముందు పాల కొరకు తల్లి. ఇప్పుడు తల్లి కొరకే తల్లి.

మనలో కొందరు ఈ పత్రిక చదువుచున్న నాటికి వేపాకు చేదు నోటిలో ఉన్నవారే. పని పోయినవారు, భార్యను సమాధి చేసి వచ్చినవారు, ఎన్నో సంవత్సరములు ప్రార్థించినను ఒడి నిండనివారు. పిల్లల సంతోషమును గూర్చి ఇంత వ్రాయుట ఆ కడపటివారికి బాధ కలిగించునని ఎరుగుదును. వారితో నేను, అన్నిటిని చూచి సంతోషించుమని చెప్పను. హబక్కూకు కూడ అంజూరపు చెట్టు పూయకపోయినను పూసినదని చెప్పలేదు. లేనివాటి పేర్లన్నియు ఒక్కొక్కటిగా చెప్పి, ఆ తరువాతనే తన ఆనందము ఎవరియందున్నదో చెప్పెను (3:17, 18). కొరత దేవునితో చెప్పుకొనుటయు విశ్వాసమే. ఒడి విడిచి దిగిపోకుండుట చాలును.

దేవాలయములో కేకలు

మత్తయి 21:15, 16లో చిన్నపిల్లలు దేవాలయములో జయధ్వని చేయుచుండగా ప్రధానయాజకులు, శాస్త్రులు కోపపడిరి. మూలభాషలో ఇక్కడ వాడిన క్రియయు, మార్కు 10:14లో ప్రభువు కోపపడినప్పుడు వాడిన క్రియయు ఒకటే. బిడ్డల శబ్దమునకు యాజకులకు కోపము వచ్చినది. బిడ్డలను ఆపినవారిమీద ప్రభువునకు కోపము వచ్చినది. మన సంఘములలో ఎవరి కోపము నడుచుచున్నది?

ఇక్కడ భాష సంగతి చెప్పవలెను. మన బిడ్డలు బడిలో ఒక భాష, వీధిలో ఒక భాష, ఇంటిలో సగము తెలుగు మాటలాడుదురు. ప్రార్థన మాత్రము పెద్దల తెలుగులో చేయవలెనని మన నియమము. ఒక సంఘములో తొమ్మిదేండ్ల బాలిక సాక్ష్యపు సమయములో లేచి, కొత్త చెప్పుల కొరకు, నానమ్మ ఆసుపత్రినుండి ఇంటికి వచ్చినందుకు స్తోత్రము చెప్పినది. సగము తెలుగు, సగము తమిళము; ఒక క్రియ తలక్రిందులైనది. పెద్దలు నవ్విరి. చెడ్డ మనస్సుతో కాదు, ముద్దుగానే నవ్విరి. ఆ బాలిక ఇప్పుడు ఉద్యోగము చేయుచున్నది, ఆదివారమున గుడికి వచ్చుచున్నది, కాని నాటినుండి నేటివరకు బహిరంగముగా నోరు తెరువలేదని ఆమె తల్లియే చెప్పినది. మన తెలుగును నిలుపుకొనవలెను. ఆ విషయములో నాకు రెండవ అభిప్రాయము లేదు. కాని తెలుగు నేర్పుటకు వారమంతయు ఉన్నది. బిడ్డ దేవునితో మాటలాడుచున్న గడియ వ్యాకరణము దిద్దు గడియ కాదు.

2019 వేసవిలో చెన్నైకి నీళ్లిచ్చు నాలుగు చెరువులు దాదాపు ఎండిపోయెను. జూలైలో జోలార్‌పేటనుండి రైలుబండిలో నీళ్లు తేవలసివచ్చెను. లారీ కూత వినబడగానే వీధిలోని రంగురంగుల ప్లాస్టిక్ బిందెలన్నియు పరుగెత్తెడివి. పెద్దలకు అది తగవు, పిల్లలకు అది తిరునాళ్లు. ఆ సంవత్సరము ఒక సంఘములో కోతపండుగ కానుకలలో గుమ్మడికాయలు, అరటిగెలలు, కోడిపుంజు మధ్య ఒక బాలుడు సీసాడు నీళ్లు తెచ్చి పెట్టెను. తాను స్వయముగా లారీయొద్ద నిలిచి పట్టిన నీళ్లు. వేలము వేయువారికి దానికి ఏ ధర పెట్టవలెనో తెలియలేదు. ఇంతలో చూడగా సీసా ఖాళీ! ప్రసంగము మధ్యలో గొంతు ఆరి పాస్టరుగారు దానినే త్రాగివేసిరి. బాలుడు ఏడ్చునేమోనని అందరును భయపడిరి గాని, వాడు ఆ వారమంతయు కనబడినవారికెల్ల ‘నేను తెచ్చిన నీళ్లే అయ్యగారు తాగారు’ అని చెప్పుకొని తిరిగెను. అన్నట్టు, చెన్నైకి కండలేరు నుండి కాలువలో వచ్చు కృష్ణా నీళ్లును కొంత ఉన్నవి. నెల్లూరు జిల్లానుండి వచ్చిన కుటుంబములు ఆ మాట తమ బిడ్డలకు చెప్పియున్నారో లేదో!

పాత్రలో దాచిన మన్నా

మన్నాను మరునాటికి దాచినయెడల పురుగుపట్టెను. అయితే ఒక ఓమెరు మాత్రము పాత్రలో పోసి తరతరముల కొరకు ఉంచుమని దేవుడు చెప్పెను (నిర్గమకాండము 16:32–34). తినుటకు కాదు, చూచుటకు. రేపు బిడ్డలు వచ్చి ‘ఇదేమి?’ అని మరల అడుగవలెను గదా. పస్కాను గూర్చి బిడ్డలు అడుగుదురు (నిర్గమకాండము 12:26), యొర్దానులోని రాళ్లను గూర్చి అడుగుదురు (యెహోషువ 4:6). బిడ్డ ప్రశ్న లేనియెడల పెద్దల సాక్ష్యమునకు తలుపు తెరువబడదు.

మనయొద్దను అట్టి పాత్ర ఉన్నది. 1876–78 సంవత్సరముల గొప్ప కరువులో ఒంగోలు మిషనెరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్లు త్రవ్వించు కంట్రాక్టు తీసికొని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి దొరకునట్లు చేసెను. అన్నము కొరకు వచ్చిరను మాట రాకుండునట్లు ఆ కరువు పని జరుగుచున్నంత కాలము బాప్తిస్మములు ఇయ్యలేదు. తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మనలో అనేకుల ముత్తాతలు ఆ కాలువ మట్టి మోసినవారు. ఆ కూలిడబ్బుతో కొనిన గింజల గంజి వారికి ఎట్టి రుచిగా ఉండెనో! మన బిడ్డలకు ఆ నది పేరైనను తెలియునా?

ఈ నెల సండే స్కూలు ఉపాధ్యాయులకు ఒక మనవి. ఒక ఆదివారము పాఠము ప్రక్కన పెట్టి, ప్రతి బిడ్డను ఆ వారములో తాను చూచి ‘ఇదేమి?’ అనుకొనిన ఒక వస్తువును తెమ్మనండి. ఈక, బోల్టు, చింతగింజ, చాక్లెట్టు రేకు, ఏదైనను సరే. పోటీ పెట్టవద్దు, బహుమతి పెట్టవద్దు. పెట్టిన మరుక్షణము అది పరిసయ్యుని ప్రార్థనగా మారును. తెచ్చినదానిని బల్లమీద పెట్టి బిడ్డనే చెప్పనియ్యండి. దాని పేరు ఏ భాషలో వచ్చునో ఆ భాషలోనే బోర్డుమీద వ్రాసి, ప్రక్కన తెలుగులో వ్రాయండి. తరువాత ఆరాధనలో ఆ బల్లను ముందుకు తెచ్చి, ప్రసంగమునకు బదులు, సంఘపెద్దలు ఒక్కొక్కరు లేచి తాము ఈ ఊరికి వచ్చిన మొదటి దినములలో దేవుడు తమకు పెట్టిన మొదటి పూట భోజనము ఏమో, అది ఎవరి చేతిమీదుగా వచ్చినదో బిడ్డలకు చెప్పవలెను. ఆ చేతులలో చాల చేతులు కన్నడిగులవి, తమిళులవి, ఒడియావారివి, మరాఠీవారివి అయియుండును. వారి పేర్లు జ్ఞాపకమున్నంతవరకు పేర్లతోనే చెప్పండి.